కళ్ళంలో నిలబడి అడిగినవాడు

అమ్మలూ, ఆ పేపరు అప్పుడే మడవకు. ఇందాక చదివిన ముక్క మళ్ళీ చదువు. ఏంటీ... "ప్రముఖ పారిశ్రామికవేత్త, ఒకనాటి క్రికెట్ క్రీడాకారుడు కన్నుమూత." దాని కిందది చదువు. "వెనకబడిన ప్రాంతంలో సిమెంటు ఫ్యాక్టరీ పెట్టడమే కాక, గ్రామీణ యువత కోసం క్రీడా మైదానాన్ని దానం చేసిన ఉదారుడు."

దానం చేశాడట!

పోయినవాళ్ళని ఏమీ అనకూడదంటారు. బతికుండగా అందామంటే మా వాళ్ళకి భయం. ఇక ఎప్పుడనాలే? పెన్ను తెచ్చుకుని కూర్చో. నేను చెప్తుంటాను, నువ్వు రాయి. ఒత్తులూ దీర్ఘాలూ నీ ఇష్టమొచ్చినట్టు దిద్దుకో. మాట మాత్రం మెత్త చెయ్యకు.

మా ఊరు జగ్గయ్యపేట అవతల, హైవే దిగి లోపలికి వెళ్ళాలి. చుట్టూ నల్లరేగడి. ఎండాకాలం వస్తే పిల్లల కాలు ఇరుక్కునేంత నెర్రెలు విచ్చేవి. ఆ నేలలో పత్తి పండుతుంది, మిరప పండుతుంది, జొన్న పండుతుంది. పండినదాన్ని పరుచుకోవడానికి మాత్రం చోటుండదు. గింజలు నెర్రెల్లో పడితే భూదేవి తిన్నట్టే. అందుకని కళ్ళానికి వేరే నేల కావాలి. కళ్ళమంటే మీ డాబా అంత కాదు, ఓ పెద్ద వీధంత. కంకులు తొక్కించినా, తూర్పార పట్టినా, మిరపకాయ ఆరబోసినా అన్నీ అక్కడే. మా ఊరి మొత్తానికీ అలాంటి గట్టి ఎర్రగరప నేల ఒక్కటే ముక్క, అది మా నాన్నది. వాడుకునేది మాత్రం నలుగురం, ఐదుగురం కలిసి. నాన్న ఎవర్నీ కాదనేవాడు కాదు.

ఏటా పంట రాకముందే ఆడాళ్ళందరూ దిగేవాళ్ళు. ముందు గడ్డి పీకాలి. పరక మిగలకూడదు. మా నాయనమ్మ వంగి, కళ్ళు చికిలించి, వెతికి వెతికి పీకించేది. తర్వాత నీళ్ళు చల్లి దిమ్మిసలతో కొట్టడం, ఆపైన పేడనీళ్ళతో అలకడం. ఆరాక దాని మీద పడుకుంటే చల్లగా వీపుకి అతుక్కున్నట్టుండేది. పేడ వాసన, పచ్చి జొన్నచొప్ప వాసన, దూరాన కాలుస్తున్న ఊచబియ్యం వాసన. లేత జొన్నకంకులు నిప్పుల మీద కాల్చి నలిపి తినేవాళ్ళం, వాటినే ఊచబియ్యం అంటారు. ఇప్పుడు మీరు కొనుక్కుంటున్న పాప్‌కార్న్ దాని కాలిగోటికి చాలదు.

చెప్పులేసుకుని కళ్ళంలోకి ఎవరూ అడుగుపెట్టకూడదు. కలెక్టరొచ్చినా గట్టు మీద విడవాల్సిందే.

ఇంకోటుంది. అసలు కథంతా దాని మీదే నడిచింది, జాగ్రత్తగా రాయి. గింజలు తూర్పార పట్టి, కుప్ప పోసి, దాని చుట్టూ బూడిదతో గీత గీస్తారు. దాన్ని రాశి అంటారు. రాశి ఇంటికి చేరేదాకా, కళ్ళంలో నిలబడి ఎవరేమడిగినా లేదనకూడదు. బట్టలుతికినవాళ్ళు, నాగలి చెక్కినవాళ్ళు, దారిన పోయేవాళ్ళు, ఎవరైనా సరే. దోసిలి పడితే దోసిలి నిండాలి. లేదంటే ఆ మాట రాశిలో పడి, మరుసటేడు పంటని తింటుందని నమ్మకం. మా తాతయ్య ఒకసారి ఎవరో అడిగారని భుజం మీద కొత్త కండువా తీసి ఇచ్చేశాడట. నాయనమ్మ ఆ కండువా సంగతి ఆయన పోయాక కూడా తిట్టుకుంటూనే ఉండేది. "ఇవ్వనీ, తప్పదు. కానీ కొత్తది వేసుకుని కళ్ళానికి ఎవడు పొమ్మన్నాడు?" అని.

అలాంటి ఊరి పక్కన ఫ్యాక్టరీ లేచింది. ముందు గొట్టం లేచింది, తర్వాత దుమ్ము. మిరప ఆకు మీద విభూతి పూసినట్టుండేది. మధ్యాహ్నం క్వారీలో పేల్చినప్పుడు ఉట్టి మీద చట్టి ఊగేది. ఓనరుది ఈ ప్రాంతం కాదు. మద్రాసులో పెరిగాడట, తెలుగు బాగానే మాట్లాడేవాడు. వయసులో ఉండగా క్రికెట్ ఆడాడట, పేపర్లో ఫొటోలు పడ్డాయట. ఆయన వస్తున్నాడంటే కారుకన్నా ముందు సెంటు వాసన వచ్చేది. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల నవ్వు. అంత దుమ్ములో ఆయనొక్కడికీ దుమ్ము అంటేది కాదు. ఎవరి మీద పడాలో దానికి ఎవరు చెప్పారో!

ఓ రోజు దారిన పోతూ కారాపించి మా కళ్ళం చూశాడు. దిగి, అరచేత్తో తట్టాడు. గేదెని కొనేవాడు వీపు తట్టినట్టు.

"ఇంత మంచి పిచ్ నేను మద్రాసులో కూడా చూళ్ళేదండీ" అన్నాడు.

ఆ వారమే మా ఇంటికి కబురొచ్చింది. తెచ్చింది నందిగామ కోర్టు దగ్గర తిరిగే ఓ గుమస్తా. ఫ్యాక్టరీకి పొలాలన్నీ మాట్లాడిపెట్టింది అతనే. మా వైపు మనిషే, మా కట్టుబాట్లన్నీ తెలిసినవాడే. నవ్వుతూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఓనరు గారికి మీ కళ్ళం మీద మనసైందండీ. క్రికెట్ గ్రౌండు చేస్తారంట. మీరెంతంటే అంత."

"కళ్ళం అమ్మేది కాదండీ" అన్నాడు నాన్న.

"పోనీ ఇంకో చోట రెట్టింపు నేల ఇప్పిస్తాం."

"రేగడే కదా ఇస్తారు? రేగట్లో కళ్ళం చేసిన మొనగాణ్ణి చూపించండి, ఇచ్చేస్తా."

గుమస్తా మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఇంకోసారి గుమస్తాని వెంటబెట్టుకుని ఓనరే స్వయంగా వచ్చాడు. మా అమ్మ ఇత్తడి గ్లాసులో కాఫీ ఇచ్చింది. తాగలేదు, పట్టుకుని కూర్చున్నాడు. నాన్న అదే మాట చెప్పాడు. మా ఇంటి అరుగు మీద మా నాన్న ఎవరికైనా కాదనగలడు. ఓనరుకైనా సరే. ఆ సంగతి గుర్తుపెట్టుకో.

నాయనమ్మ లోపల్నుంచి వింటూనే ఉంది. వాళ్ళెళ్ళాక బయటికొచ్చి, "ఆ గుమస్తా నవ్వు నాకు నచ్చలేదురా. పిల్లి గోడ మీద కూర్చున్నట్టుంది" అంది.

"నీకు ఎవరి నవ్వు నచ్చింది గనక, అమ్మా" అన్నాడు నాన్న.

ఆ ఏడు జొన్న బాగా పండింది. తూర్పార పట్టి రాశి పోశారు. సోమవారం కొలుస్తామని ఊళ్ళో అందరికీ కబురు చేశారు. సగం కళ్ళంలో మిరపకాయ ఎర్రగా పరిచుంది. ఆ ఘాటుకి అటు పోయేవాడల్లా తుమ్మేవాడు. అప్పుడొచ్చాడు గుమస్తా మళ్ళీ.

"అమ్మమనడం లేదండీ. ఓనరు గారి స్నేహితులు వస్తున్నారు. ఆదివారం ఒక్క పూట ఆడుకుని పోతారు. మీ రాశి జోలికి రారు."

"సోమవారం రాశి ఎత్తేస్తాం. మంగళవారం నించి ఎన్నాళ్ళైనా ఆడుకోమను" అంది నాయనమ్మ లోపలినించి.

"వాళ్ళు ఆదివారమే ఉంటారండీ, పెద్దమ్మగారూ."

ఒక్క పూట ఆటకి కూడా చోటివ్వకపోతే బావుండదని నాన్న సరేనన్నాడు. శనివారం నాయనమ్మ ఆయన వెనకాలే తిరిగింది.

"ఇవాళే కొలిచి ఇంటికి తోలించెయ్. నా మాట విను."

"నలుగురికీ సోమవారమని చెప్పా కదమ్మా. ఇవాళ ఎత్తేస్తే, వాళ్ళ పాలు ఎగ్గొట్టడానికే ముందెత్తాననుకోరూ?"

చూశావా, మంచితనం ఎక్కడ పట్టుకుంటుందో.

ఆదివారం కార్లొచ్చాయి. జంబుఖానాలు, కుర్చీలు, ఐసు పెట్టెలు. రొట్టెముక్కల మధ్య కీరదోసకాయ పెట్టి తిన్నారు. అదేం తిండో! మా ఊరు ఊరంతా గట్టు మీదే. గట్టు దగ్గరకి రాగానే ఎవరూ చెప్పకుండానే ఓనరు బూట్లు విప్పాడు. మేజోళ్ళు కూడా విప్పాడు. ఆయన విప్పాడు కాబట్టి మిగతా ఇంజనీర్లూ, పెద్దమనుషులూ విప్పక తప్పలేదు. ఎండకి కాళ్ళు కాలి కోడిపిల్లల్లా గెంతుతుంటే మాకు నవ్వు ఆగలేదు. పెద్దవాళ్ళు మాత్రం నవ్వలేదు.

"చూశారా, అంత పెద్దోడికి ఎంత మర్యాదో!" అన్నాడు మా బాబాయి.

"నేలకి దండం కూడా పెట్టాడ్రా" అన్నాడు ఇంకొకాయన.

దండం కాదు, పిచ్ తట్టి చూసుకున్నాడు. మా వాళ్ళకి అది దండంలా కనిపించింది.

ఆట మొదలైంది. నాయనమ్మ కాసేపు చూసి, "ఇంతమంది మగాళ్ళు, కర్ర మాత్రం ఒక్కడికే. మిగతావాళ్ళు మేత అయిపోయిన గేదెల్లా నిలబడ్డారేంటే?" అంది.

"బంతి వస్తే పట్టుకోవాలంట నాయనమ్మా."

"రాకపోతే?"

"రాకపోతే అలాగే నిలబడాలంట."

"జీతమిచ్చి మరీ నిలబెట్టాడన్నమాట" అంది.

ఓనరు బంతి వేసే ముందు ప్రతిసారీ వేళ్ళు నాలికకి రాసుకునేవాడు. మా మేనత్త కూతురు, నాకన్నా ఏడాది పెద్దది, వదిన అవుతుంది. నా పక్కనే కూర్చుని, "ఛీ, ఎంగిలి బంతే" అంది. అంతలో ఎవడో గట్టిగా కొడితే బంతి వచ్చి మిరపకాయల్లో పడింది. మేమిద్దరం పరిగెత్తాం. వదిన నా వంక చూసింది, నేను వదిన వంక చూశాను. రెండు కాయలు విరిచి, గింజలతో సహా బంతికి బాగా రుద్ది, పైట చెంగుతో తుడిచినట్టు నటించి ఇచ్చాం. ఎర్ర బంతి మీద ఎరుపు ఎవరికి కనపడుతుంది?

రెండు బంతులు వేశాడో లేదో, వేళ్ళు నోట్లో పెట్టుకుని అలాగే ఆగిపోయాడు. నాలిక బయటికొచ్చింది. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకేముంది! అంత పెద్దమనిషి కళ్ళంలో గుండ్రంగా తిరిగాడు. ఇంజనీర్లు నీళ్ళు, నీళ్ళని అరిచారు. నేనూ వదినా చొప్పవాము వెనక్కి పోయి కడుపు పట్టుకున్నాం. ఇప్పటికీ తల్చుకుంటే నాకు తృప్తే. ఆయన ఒంటికి మా ఊరి ఘాటు తగిలిందంటే ఆ ఒక్క రోజే.

నాన్నకి మాత్రం తల తీసేసినట్టయింది. మన చోటికొచ్చిన మనిషికి మన కాయల వల్ల బాధ కలిగిందని. చెంబుతో మజ్జిగ తీసుకుని పరిగెత్తాడు. ఓనరు తాగాడు, మొహం కడుక్కున్నాడు. కళ్ళు ఎర్రగా, నీళ్ళు కారుతూనే ఉన్నాయి. గుమస్తా పక్కన చేరి చెవిలో ఏదో అన్నాడు. ఓనరు తలాడించాడు. నేను చొప్పవాము పక్కనించి చూశాను. ఈ కళ్ళతో చూశాను.

నెమ్మదిగా నడిచి రాశి దగ్గరకి వెళ్ళాడు. బూడిద గీత తొక్కకుండా, దాని బయట నిలబడ్డాడు. అది ఎవరో నేర్పందే ఎలా తెలుస్తుందే? నాన్నని రమ్మన్నాడు. రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాడు.

"మీ రాశి దగ్గర నిలబడి అడుగుతున్నానండీ. ఈ కళ్ళం నాకివ్వండి. మీ ఊరి పిల్లలు కూడా ఆడుకుంటారు."

ఐసు పెట్టె మూత మూస్తున్నవాడు అలాగే నిలబడ్డాడు.

నాయనమ్మ కర్ర పట్టుకుని కళ్ళంలోకి నడిచొచ్చింది. "అడగడం బాగానే అడిగావు నాయనా. ఎవరు నేర్పారు?" అంది.

ఓనరు నవ్వాడు. "పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకోవాలి కదమ్మా" అన్నాడు.

"మా పెద్దవాళ్ళు దోసిలి పట్టింది ఆకలై. నీకేం ఆకలిరా?"

"అమ్మా, ఊరుకో" అన్నాడు నాన్న.

"ఊరుకోను. గింజలడుగు, గంపలకి గంపలు పోయిస్తా. గింజలారే నేలనడిగితే రేపు ఈ నలుగురు రైతులూ ఎక్కడ పరుచుకోవాలి, నీ బంగళా మీదా?" నాన్న వైపు తిరిగింది. "ఒరేయ్, ఇది అడుక్కోవడం కాదు, మాటు వెయ్యడం. లేదని చెప్పు. ఆ పాపం నాకు తగలనీ, ముసల్దాన్ని, నాకేమవుద్ది?"

నాన్న రాశి వంక చూశాడు. గట్టు మీద ఊరి వంక చూశాడు. ఊళ్ళో ఒక్కడైనా 'వద్దు' అంటాడేమోనని చూశాడని నాకిప్పటికీ అనిపిస్తుంది. ఒక్కడూ నోరు తెరవలేదు. వాళ్ళలో సగంమంది కొడుకులు ఫ్యాక్టరీలో పనికి పెట్టుకోమని తిరుగుతున్నారు. మిగతా సగంమందికి కళ్ళంలో లేదనడమంటే భయం.

నాన్న వంగాడు. రెండు చేతులా జొన్నలు తీసి ఆయన దోసిట్లో పోశాడు. కళ్ళం ఇచ్చినట్టే లెక్క.

ఓనరు ఆ గింజలు ఏం చేశాడో రాయి. గుమస్తా చేతిలో ఒంపాడు. సగం కింద పడ్డాయి. చేతులు దులుపుకున్నాడు. దులుపుకుని, "థాంక్యూ" అని, ఆగిపోయిన ఆట మళ్ళీ మొదలెట్టించాడు.

మా అమ్మ వచ్చి కింద పడిన గింజలు ఏరింది, వాళ్ళ కాళ్ళ మధ్యనించే.

డబ్బులిస్తామని మనిషిని పంపారు. కళ్ళంలో ఇచ్చినదానికి ధర కట్టకూడదని నాన్న పుచ్చుకోలేదు. గుమస్తాకి అదీ ముందే తెలుసు. నందిగామలో రిజిస్ట్రేషనుకి కారు పంపారు, నాన్న బస్సులో వెళ్ళాడు.

ఆ ఎండల్లోనే కంచె వేశారు. వాచ్‌మన్ని పెట్టారు. ఎక్కడివాడో, మా భాష కాదు. మేం కంచె ముట్టుకుంటే విజిలేసేవాడు. తర్వాత కళ్ళాన్ని దున్నించారు. తరతరాలుగా మా ఆడాళ్ళు అలికి, తొక్కి, రాయి చేసిన నేల నాగలికి లొంగలేదు. ట్రాక్టరు తెచ్చారు. దున్ని, దాని మీద గడ్డి నాటారు! పరక మొలిస్తే పీకించిన మా నాయనమ్మ, కంచె ఇవతల నిలబడి, ట్యాంకరు నీళ్ళతో తడుపుతున్న ఆ గడ్డి చూసింది. అప్పటికి మా బావులు అడుగంటాయి, బిందె నిండాలంటే పూట పట్టేది.

"ఏమే, అంత తడుపుతున్నారు. అది కోసి ఎవరికేస్తారు?" అని అడిగింది నన్ను.

"ఎవరికీ వెయ్యరంట నాయనమ్మా. ఊరికే పెంచుతారంట."

కర్ర తిప్పుకుని ఇంటిదారి పట్టింది. ఉమ్మి కూడా వెయ్యలేదు. ఆవిడ తిట్టకపోవడం నేను చూసింది అప్పుడే. ఆ ఏడు వర్షాలు రాకముందే పోయింది.

ఇక ఊరి పిల్లలు ఆడుకోవడమా? పంద్రాగస్టుకి గేటు తీసి, చప్పట్లు కొట్టడానికి కూర్చోబెట్టేవాళ్ళు. బిస్కెట్లు పంచేవాళ్ళు. ఓనరు ముసలాడై పొట్ట వచ్చాక కూడా ఏడాదికోసారి వచ్చి బ్యాటు పట్టుకునేవాడు. ఆయన అవుటైతే అంపైరు అటు తిరిగేవాడు. అదీ ఆయన గారి క్రికెట్టు!

మరుసటి ఏడు మేం రేగట్లోనే కళ్ళం చేశాం. ఎంత అలికినా మూడో రోజుకి నెర్రె విచ్చేది. జొన్నలు సగం అందులోకి. మాఘంలో కురవకూడని వాన కురిస్తే మిరపకాయ కింద తేమకి తెల్లబడి తాలైపోయింది. తాలుకాయని బజార్లో కుక్క కూడా వాసన చూడదు. తొక్కు పచ్చడికి పనికొచ్చే నాలుగు ఎర్రకాయల కోసం అమ్మ కుప్పంతా వెతికింది. మాతో పాటు కళ్ళం వాడుకున్న మిగతా వాళ్ళదీ అదే గతి. ఒకాయన నాన్న ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు. గట్టు మీద నోరు మూసుకున్నవాడే, ఇప్పుడు కోపం.

ఆ తర్వాతి ఏడు నాన్న ఓ పని చేశాడు. ఎవరికీ చెప్పలేదు. కంకులు కోయించి, పొలంలో దించకుండా, తిన్నగా మా ఇంటి దొడ్లోకి తోలించాడు. బండలు పరిపించాడు, ట్రాక్టరు పెట్టి తొక్కించాడు. వీధి తలుపు గడియ వేయించాడు. గింజ మీద గింజ పడకముందే బస్తాలకెత్తించాడు. రాశి పొయ్యలేదు, బూడిద గీత లేదు. అది కళ్ళం కాదు కదా, దొడ్డి.

మా ఊళ్ళో అందరికీ పురుడు పోసిన ఒకావిడ ఉండేది. చర్చి వీధిలో ఉండేది, అప్పటికే బాగా పెద్దది. నేను పుట్టినప్పుడు బొడ్డు కోసింది ఆవిడే, మా నాన్నకి కోసింది ఆవిడ తల్లి. ఏటా చాట పట్టుకుని కళ్ళానికి వచ్చేది. అడిగేది కూడా కాదు, చాట కింద పెట్టి మా అందరి పిల్లల క్షేమాలూ కనుక్కుంటుంటే చాట దానంతటదే నిండేది. ఆ ఏడు పొలానికి వెళ్ళింది, ఏమీ కనపడలేదు. వెతుక్కుంటూ మా వీధికొచ్చింది. తలుపు కొట్టింది.

నాన్న తలుపు ఓరగా తీసి, గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను ఆయన వెనకాల ఉన్నాను.

"ఏందయ్యా, పట్టపగలు గడియేసుకున్నావు? కళ్ళమెక్కడ చేశావు?"

"చెయ్యలేదు."

"మరి నా చాట?"

"ఈ ఏడు లేదమ్మా" అన్నాడు నాన్న.

ఆయన వెనకాల గోడకానించి బస్తాలున్నాయి. ఆవిడకి కనపడుతూనే ఉన్నాయి. ఆవిడ వాటిని చూళ్ళేదు, నాన్న మొహాన్నే చూసింది. చిన్నపిల్లాడికి జ్వరముందేమో చూసినట్టు చూసింది.

"మీ అమ్మ ఉంటే ఏమయ్యేదో" అంది.

నాన్న తలుపు వేసేశాడు. ఆ గడియ చప్పుడు విను అమ్మలూ, దాన్ని ఎలా రాస్తావో రాయి. ఫ్యాక్టరీ ఏటా ఎన్ని పేలుళ్ళు పేల్చినా నాకు అంత చప్పుడనిపించలేదు. వేసి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. బయట ఆవిడ వెళ్ళలేదు, మెట్టు మీద కూర్చుంది. ఆవిడ ఊపిరి వినపడుతోంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఓ సోలెడు జొన్నలు తీసుకెళ్ళి ఇస్తానంది. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒకసారి ఇస్తే..." అన్నాడు.

మా నాన్న చెడ్డవాడు కాదే. లేదనడం ఆయనకి రాదు, నేర్పించారు. పొద్దువాలాక ఆవిడ లేచి వెళ్ళిపోయింది. ఖాళీ చాటతో వెళ్తే చూసినవాళ్ళు మమ్మల్ని ఏమనుకుంటారోనని, చాట మీద కొంగు కప్పుకుని వెళ్ళింది.